బీఎండబ్ల్యూ 5 సిరీస్ (ఇ60)

బీఎండబ్ల్యూ ఇ60 అనునది జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ 2003 నుండి 2010 వరకు తయారుచేసిన 5 సిరీస్ కార్ల ఐదవ తరము. మధ్యతరహా కార్లకు, అతిపెద్ద విలాసవంతమైన కార్లకు నడుమ ఉండే తరగతిని ఎగ్జిక్యూటివ్ కార్లు అంటారు. ఈ తరగతిలో మెర్సిడెస్ బెంజ్ ఇ-క్లాస్, ఆడి ఎ6 దీనికి ప్రధాన పోటీదారులు. విడుదలైనప్పుడు ఇ60 రూపురేఖలు, లోపలి ఏర్పాట్లు కారు అభిమానుల నుండి తీవ్రమైన విమర్శలను ఎదుర్కొన్నాయి. అయినప్పటికీ ఈ తరం కార్లు 13 లక్షలకు పైగా తయారయ్యాయి. బీఎండబ్ల్యూ భారతదేశంలో కూర్చిన తొలి కార్లలో ఇది ఒకటి.

పేరు

బీఎండబ్ల్యూ తన ప్రతి కొత్త నమూనాకు లోపలి వాడుక కొరకు ఒక సంకేతనామం ఇస్తుంది. "ఇ" అనే అక్షరం జర్మన్ భాషలో అభివృద్ధి అని అర్థమిచ్చే "ఎంట్‌విక్లుంగ్" అనే మాట నుండి వచ్చింది. అమ్మకానికి వచ్చే పేరు అన్ని తరాలకూ 5 సిరీస్ అనియే ఉండుటచేత, ఏ తరాన్ని గురించి మాట్లాడుతున్నదీ తెలియడానికి అభిమానులు ఈ సంకేతనామాలనే వాడుతారు. ఇ60 అనగా సెడాన్ కారు. 2004లో వచ్చిన, వెనుక సామాను స్థలం ఎక్కువగా ఉండే టూరింగ్ నమూనాను ఇ61 అంటారు.

నేపథ్యం

5 సిరీస్ మొదటి తరమైన ఇ12 1972లో విడుదలైంది. తరువాత 1981లో ఇ28, 1980ల చివరలో ఇ34, 1995లో ఇ39 వచ్చాయి. ఈ నాలుగు తరాలలోనూ రూపం క్రమక్రమంగా మారిందే తప్ప ఒక్కసారిగా మారలేదు. ముందుభాగంలో జంట గాలిద్వారాలు, నాలుగు గుండ్రటి దీపాలు, డ్రైవరు వైపుకు తిరిగి ఉండే మీటల పలక ఈ కార్లకు గుర్తులుగా నిలిచాయి. ముఖ్యంగా ఇ39 రూపం, స్టీరింగు స్పర్శ, ప్రయాణ సౌఖ్యం మూడింటిలోనూ సమతూకం కలిగినదని పేరు పొందింది. కొత్త తరంపై వచ్చిన అసంతృప్తికి కారు లక్షణాలు ఎంత కారణమో, పాత కారుపై ఉన్న ఈ మమకారం కూడా అంతే కారణం.

రూపకల్పన

ఇ60 బాహ్యరూపాన్ని ఇటలీకి చెందిన దవిదే ఆర్కాంజెలీ రూపొందించాడు. ఇతడు అంతకు ముందు పినిన్‌ఫరీనా సంస్థలో పనిచేశాడు. తన నమూనా రోడ్డు మీదికి రావడం చూడకుండానే 2000లో చిన్న వయసులో రక్తకేన్సరుతో మరణించాడు. అప్పటి బీఎండబ్ల్యూ రూపకల్పన విభాగాధిపతి అమెరికాకు చెందిన క్రిస్ బ్యాంగిల్. 1992లో ఈ పదవి చేపట్టిన బ్యాంగిల్, ఒకే ఆకారాన్ని చిన్న, మధ్య, పెద్ద పరిమాణాలలో అందించే పద్ధతిని విడిచి ఒక్కొక్క కారుకు ఒక్కొక్క వ్యక్తిత్వం ఉండాలని భావించాడు. ఈ మార్పు మొదట 2001లో వచ్చిన 7 సిరీస్ (ఇ65)లో కనిపించింది.

ఇ60 పొడవు 4,841 మిల్లీమీటర్లు. ఇది ఇ39 కంటే 66 మిల్లీమీటర్లు ఎక్కువ. హెడ్‌లైట్ల పైభాగం కనుబొమ్మల వలె పక్కలకు, పైకి సాగి ఉంటుంది. పక్కభాగంలో లోపలికి వంగిన, బయటికి ఉబ్బిన తలాలు కలిసి వెలుగునీడలను మారుస్తూ ఉంటాయి.

అభిమానుల స్పందన

అభిమానుల ఆక్షేపణలు ప్రధానంగా మూడు విషయాలపై వచ్చాయి.

మొదటిది రూపం. 7 సిరీస్ డిక్కీ మూత విడిగా అతికించినట్లు ఉన్నదని అప్పటికే ఎగతాళి చేసిన వారు, ఇ60 దీపాలను చూసి మరింత నిరాశ చెందారు. బ్యాంగిల్‌ను పదవి నుండి తొలగించాలని కోరుతూ ఇంటర్నెట్‌లో నడిచిన విజ్ఞప్తిపై వేలాది మంది సంతకాలు చేశారు. ఒక కారు ఆకారం గురించి దానిని రూపొందించిన విభాగాధిపతిపై ఈ స్థాయిలో ఉద్యమం రావడం అరుదు. నిజానికి ఇ60 గీతలు గీసినది ఆర్కాంజెలీ, 7 సిరీస్ బాహ్యరూపాన్ని తీర్చినది ఆడ్రియన్ వాన్ హూయ్‌డాంక్. అయినను నింద అంతా బ్యాంగిల్ ఒక్కడిపైనే పడింది.

రెండవది ఐడ్రైవ్. రేడియో, ఏసీ, దారి చూపే పటం, టెలిఫోను మొదలగువాటికి వేరువేరు మీటలు ఉండే చోట, గేరు పక్కన ఒక గుండ్రటి నాబ్, పైన ఒక తెర మాత్రమే ఉంచే పద్ధతి ఇది. చిన్న మార్పు చేయడానికి కూడా మెనూలలో వెతకవలసి వస్తున్నదని, ఆ సమయంలో చూపు రోడ్డు మీద నుండి తొలగుతున్నదని విమర్శకులు అన్నారు. ఇది అభిరుచికి సంబంధించినది కాక భద్రతకు సంబంధించిన అభ్యంతరం. 7 సిరీస్‌లో ఎనిమిది దిక్కులుగా ఉన్న మెనూను ఇ60లో నాలుగుకు తగ్గించారు. 2008లో నాబ్ చుట్టూ నేరుగా నొక్కగలిగే మీటలు చేర్చారు.

మూడవది నడపడంలోని అనుభూతి. ఐచ్ఛికంగా లభించిన యాక్టివ్ స్టీరింగు వేగాన్ని బట్టి చక్రాలు తిరిగే నిష్పత్తిని మారుస్తుంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు స్టీరింగును కొద్దిగా తిప్పినా చక్రాలు బాగా తిరుగుతాయి, వేగంగా వెళ్ళేటప్పుడు తక్కువగా తిరుగుతాయి. కారును నిలిపే చోట ఇది సౌకర్యంగా ఉన్నా, సహజత్వం లోపించిందని పలువురు భావించారు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్ల పక్కలు గట్టిగా ఉండుటచేత కుదుపులు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు కూడా ఉండేది.

మెచ్చుకున్న అంశాలు

కారు ముందుభాగపు చట్రాన్ని అల్యూమినియంతోను, మిగిలిన దేహాన్ని ఉక్కుతోను నిర్మించారు. దీనివలన ముందువైపు బరువు తగ్గి, ముందు వెనుక ఇరుసులపై భారం దాదాపు సమానంగా పడుతుంది. విమర్శించినవారు సైతం మలుపులలో కారు నిలకడను మెచ్చుకున్నారు.

2005లో అమ్మకానికి వచ్చిన ఎం5 నమూనాలో 5.0 లీటర్ల, పది సిలిండర్ల ఇంజను అమర్చారు. దీని శక్తి 507 అశ్వశక్తులు. నిమిషానికి 8,250 చుట్ల వరకు తిరిగే ఈ ఇంజను ధ్వని అభిమానులను ఆకట్టుకుంది. కాని దీని ఏడు గేర్ల ఎస్ఎంజి పెట్టె నెమ్మదిగా వెళ్ళేటప్పుడు కుదుపు ఇస్తుందన్న అసంతృప్తి ఉండేది. ఉత్తర అమెరికాలోని అభిమానుల కోరిక మేరకు అక్కడ ఆరు గేర్ల మాన్యువల్ పెట్టెను కూడా అందించారు. అభిమానుల మాట నేరుగా తయారీని మార్చిన సందర్భమిది.

అమ్మకాలు

విమర్శలు వెల్లువెత్తిన సంవత్సరాలలోనే సంస్థ అమ్మకాలు పెరిగాయి. 2005లో బీఎండబ్ల్యూ ప్రపంచవ్యాప్త అమ్మకాలలో మెర్సిడెస్ బెంజ్‌ను దాటింది. దీనికి కారణం రూపకల్పన ఒక్కటే అని చెప్పలేము, ఆ కాలంలో సంస్థ పలు కొత్త నమూనాలను కూడా విడుదల చేసింది. అయితే అభిమానుల ఆగ్రహం కొనుగోలుదారులను ఆపలేదన్నది మాత్రం స్పష్టం. కొత్త కారు కొనేవారు, కార్లను గురించి నిరంతరం చర్చించేవారు ఎల్లప్పుడూ ఒక్కరే కారు.

భారతదేశంలో

బీఎండబ్ల్యూ భారతదేశ కర్మాగారం 2007 మార్చి 29న చెన్నై సమీపాన చెంగల్పట్టు వద్దనున్న మహీంద్రా వరల్డ్ సిటీలో ప్రారంభమైంది. 3 సిరీస్‌తో పాటు ఇ60 తరపు 5 సిరీస్‌ను ఇక్కడ కూర్చారు. విడిభాగాలను తెచ్చి ఇక్కడ కూర్చిన కారుపై సుంకం, పూర్తిగా తయారై దిగుమతి అయిన కారుపై సుంకం కంటే తక్కువ. మెర్సిడెస్ బెంజ్ 1995 నుండే పూణేలో ఇ-క్లాస్‌ను కూర్చుతుండగా, బీఎండబ్ల్యూ పన్నెండేళ్ళు ఆలస్యంగా ఈ పోటీలో ప్రవేశించింది.

భారతదేశంలో ఈ తరగతి కార్ల యజమానులు చాలామంది వెనుక సీటులో కూర్చుంటారు. అందుచేత ఐరోపా అభిమానులు స్టీరింగును గురించి వాదించుకుంటే, ఇక్కడ వెనుక సీటులో కాళ్ళు చాపుకొనే చోటు, గతుకుల రోడ్లపై కుదుపు, స్టెప్నీ లేకపోవడం, దగ్గరలో సర్వీసు కేంద్రం ఉండడం ముఖ్యమైన విషయాలయ్యాయి. ఈ చివరి అంశం ఎంత ముఖ్యమో 2016లో దేశమంతటికీ తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో పి.వి.సింధు, సాక్షి మాలిక్, దీపా కర్మాకర్, గోపీచంద్‌లకు సచిన్ టెండూల్కర్ చేతుల మీదుగా బీఎండబ్ల్యూ కార్లు బహూకరించారు. త్రిపుర రాజధాని అగర్తలాలో సర్వీసు కేంద్రం లేకపోవడం, రోడ్లు ఇరుకుగా ఉండడం వలన దీపా ఆ కారుకు బదులు దాని విలువను తీసుకుని వేరే కారు కొనుక్కున్నది.

తరువాతి తరాలు

2010లో ఇ60 స్థానంలో ఎఫ్10 వచ్చింది. దీని రూపం తిరిగి నెమ్మదైన గీతలతో ఉండుటచేత పాత అభిమానులు సంతోషించారు. అయితే విద్యుత్ సహాయంతో పనిచేసే దాని స్టీరింగులో రోడ్డు స్పర్శ తగ్గిందన్న కొత్త ఫిర్యాదు మొదలైంది. బ్యాంగిల్ 2009 ఫిబ్రవరిలో సంస్థను విడిచాడు. అతని తరువాత వాన్ హూయ్‌డాంక్ ఆ బాధ్యత చేపట్టాడు.

2023లో విడుదలైన జి60 తరంలో పూర్తి విద్యుత్ నమూనా ఐ5 కూడా చేరింది. భారతదేశంలో 2024 జూలై 24న ఈ తరపు పొడవైన నమూనాను విడుదల చేశారు. 5,165 మిల్లీమీటర్ల పొడవు గల ఈ కారులో వెనుక సీటు ప్రయాణికులకే ప్రాధాన్యత ఇచ్చారు.

ప్రభావం

నాబ్, తెర కలిసిన పద్ధతిని తరువాత ఇతర సంస్థలు కూడా తమ తమ రీతులలో అనుసరించాయి. ఉబ్బెత్తు, లోతు తలాలు కలిసిన రూపం కూడా సాధారణమైంది. ఒకప్పుడు ఆక్షేపణకు గురైన ఇ60ని ఈనాడు పలువురు అభిమానులు ఆ కాలపు ధైర్యవంతమైన నమూనాగా గుర్తిస్తున్నారు. పది సిలిండర్ల ఇంజను గల ఏకైక 5 సిరీస్ తరం కావడం చేత ఎం5కు సేకరణకారులలో ప్రత్యేక స్థానం ఉంది. కాని రోడ్డు మీద నుండి చూపు మరల్చవలసి రావడంపై 2001లో మొదలైన అభ్యంతరం తీరలేదు. మీటలు మరింత తగ్గి తెరలు పెద్దవైన నేటి కార్ల విషయంలోను అదే ప్రశ్న తిరిగి వినిపిస్తున్నది.