ఉచిత కచేరీల వెనుక పద్దు పుస్తకం

జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో సెయింట్ మేరీ చర్చికి 1668లో ఆర్గాన్ వాద్యకారుడిగా చేరిన బుక్స్‌టెహూడె, ఏటా క్రిస్మస్‌కు ముందు అయిదు ఆదివారాలు, సాయంత్రం నాలుగు గంటలకు చర్చిలో కచేరీలు చేయించేవాడు. ప్రవేశం ఉచితం. ఖర్చు ఊరి వర్తకుల చందాలతో గడిచేది. చర్చి జమాఖర్చులు రాసేదీ ఆయనే, చందాల కోసం వర్తకులకు ఉత్తరాలు రాసేదీ ఆయనే.

1705లో ఇరవై ఏళ్ల బాఖ్ నాలుగు వారాల సెలవు తీసుకొని, సుమారు 400 కిలోమీటర్లు నడిచి అక్కడికి వెళ్ళాడు. ఉద్యోగానికి తిరిగి వచ్చింది దాదాపు నాలుగు నెలలకు! పైవారు సంజాయిషీ అడిగారు. అయితేనేం, అక్కడ నేర్చిన విద్య ఆయన సంగీతంలో నిలిచింది.

1810తో ఆ కచేరీలు ఆగిపోయాయి. పద్దులు రాస్తూ ఉద్యోగ జీవితం గడిపిన నాకు తోచేది ఒక్కటే: ఉచితమంటే ఖర్చు లేనిదని కాదు, ఆ ఖర్చు మరెవరో మోశారని.