కౌలాస్ ఇచ్చిన నాడు

బీర్కూర్ నుంచి మంజీర దాటి జుక్కల్ వైపు పోతే కౌలాస్ కోట. మనవాళ్లు ఆదివారం చూసివచ్చే కోటల్లో అదొకటి. తెలుగుదేశం ఒకసారి పోగొట్టుకుని, తిరిగి గెలుచుకుని, మళ్లీ పోగొట్టుకున్న కథలో రెండో పతనం మొదలైంది ఇక్కడే.

1323లో ఓరుగల్లు ఢిల్లీ వశమైంది. బందీగా తీసుకుపోతున్న కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు దారిలో నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ తర్వాతి రోజుల గోడు విలస తామ్రశాసనం చెబుతుంది: ఉన్నవాణ్ని హింసించి సొమ్ము లాగారు, రైతు పంట రైతుకు దక్కలేదు, గుళ్లలో మూర్తులు పగిలాయి. ఆ శాసనం వేయించిన ముసునూరి ప్రోలయ నాయకుడు గోదావరి తీరాన రేకపల్లెలో నిలిచి నాయకులను కూడగట్టాడు. ఆయన తర్వాత పగ్గాలు కాపయ నాయకుడివి. డెబ్బై అయిదుగురు నాయకులు ఆయన్ను కొలిచారని కలువచేరు శాసనం. 1336 ప్రాంతంలో ఓరుగల్లును ఏలుతున్న మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడు. ఆ మక్బూల్ కూడా ఒకనాడు కాకతీయుల కొలువులోని తెలుగువాడే! కాపయ ఆంధ్రసురత్రాణుడన్న బిరుదు ధరించాడు.

అక్కడితో ఆగి ఉంటే ఇది వీరగాథ.

దక్కన్‌లో ఢిల్లీ మీద తిరగబడ్డ హసన్ గంగుకు కాపయ సాయం పంపాడు. ఉమ్మడి శత్రువు పోవాలన్న లెక్క అది. ఆనాటికి తప్పని అనలేం. 1347లో హసన్ బహమన్ షాగా గద్దెనెక్కాడు. మూడేళ్లు తిరక్కుండానే సేనతో తెలంగాణ మీదికే వచ్చాడు. కాపయ కౌలాస్‌ను అప్పగించి, కప్పం ఒప్పుకుని సంధి చేసుకున్నాడు. పడమటి వాకిలి అలా పరుల చేతికి పోయింది. తర్వాత భువనగిరి పోయింది.

కౌలాస్‌ను తిరిగి తేవాలని తపించినవాడు కాపయ కొడుకు వినాయకదేవుడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. రెండో బహమనీ సుల్తాను మహమ్మద్ షా చేతికి చిక్కిన ఆ యువకుడి నాలుక కోయించి, మంటల్లో వేయించారని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. తిరుగుదారిలో తెలుగువాళ్లు ఆ సైన్యాన్ని వదల్లేదనీ, నాలుగు వేల గుర్రపు దండులో పదిహేను వందల మందే ఇల్లు చేరారనీ ఆయనే రాశాడు. కసి తీరిందేమో గాని కొడుకు తిరిగి రాలేదు. చివరికి గోల్కొండ కూడా ఇచ్చి, ఢిల్లీ సుల్తాను కోసం చేయించిన రత్నఖచిత సింహాసనాన్ని కానుకగా పంపి కాపయ శాంతి కొనుక్కున్నాడు.

ఇలా పోగొట్టుకున్నది మనమొక్కరమే కాదు. అదే శతాబ్దంలో, 1393లో, బల్గేరియా రాజధాని టర్నోవో తుర్కుల పాలైంది. తోటి బల్గేరియన్ల విదిన్ రాజ్యం వేరుగా ఉండగా పడిన నగరమది. వాళ్లకు మళ్లీ సొంత పాలన రావడానికి 1878 దాకా పట్టింది. చీలినవాళ్ల కథలు ఎక్కడైనా ఇలాగే నడిచాయి.

కాపయను బహమనీలు చంపలేదు. 1368 ప్రాంతంలో భీమవరం యుద్ధంలో రేచెర్ల నాయకుల చేతిలో, అంటే తెలుగువాళ్ల చేతిలోనే, ఆయన కూలిపోయాడు. చరిత్ర పుస్తకాలు ఓరుగల్లు స్వాతంత్ర్యానికి ముగింపును ఆ యుద్ధం దగ్గర రాస్తాయి. నా లెక్కలో అది కౌలాస్ ఇచ్చిన నాడే ముగిసింది.