తెల్ల తిమింగలానికి అద్దిన బూడిద రంగు

జాన్ హ్యూస్టన్ తీసిన ‘మోబీ డిక్’ 1956లో విడుదలైంది. అప్పటినుంచీ ప్రేక్షకుల మధ్య ఒక తగవు నడుస్తూనే ఉంది: కెప్టెన్ ఏహాబ్ వేషం గ్రెగరీ పెక్‌కు నప్పిందా, లేదా? ‘మెకన్నాస్ గోల్డ్’ చూసి పెక్‌ను తలకెత్తుకున్నవాళ్లే ఈ సినిమా మాట వచ్చేసరికి పెదవి విరవడం నేను విన్నాను. తన కాలు తినేసిన తిమింగలం మీద పగబట్టి, ఓడనూ ఓడలోవాళ్లనూ కడలిపాలు చేసే ముసలి ఉన్మాదిగా అంత నెమ్మదస్తుణ్ణి ఎలా చూడగలమంటారు. రెండో ఫిర్యాదు తిమింగలం మీద. అది రబ్బరుదని ఇట్టే తెలిసిపోతోందట. ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది: మీరు చూసింది ఏ ప్రింటు? ఎందుకంటే ఈ ఒక్క సినిమా కోసం ఒక రంగుల పద్ధతినే కొత్తగా తయారుచేశారు. చాలామంది ఆ రంగు పోయాకే సినిమా చూశారు, చూసి తీర్పు చెప్పారు.

అసలు ఈ కథకు పుట్టినప్పటినుంచీ ఇదే రాత. హెర్మన్ మెల్విల్ నవల 1851 అక్టోబరులో లండన్‌లో ‘ద వేల్’ అన్న పేరుతో మూడు సంపుటాలుగా వచ్చింది. మరుసటి నెల న్యూయార్క్‌లో ‘మోబీ డిక్’గా వెలువడింది. లండన్ ప్రతిలో చివరి పేజీ లేకుండా పోయింది. ఓడ మునిగాక, కథ చెప్పే నావికుడు ఇష్మాయిల్ ఒక్కడే శవపేటికను పట్టుకుని తేలి బతికాడని చెప్పే ఉపసంహారం అది. ఆ పేజీ లేకపోతే అందరూ పోయినట్టే లెక్క. మరి ఈ కథ మనకు చెబుతున్నది ఎవరని అక్కడి సమీక్షకులు నిలదీశారు. వాళ్ల చేతిలో ఉన్న పుస్తకాన్నిబట్టి అది న్యాయమైన ప్రశ్నే. మెల్విల్ తరవాతి రోజుల్లో న్యూయార్క్ రేవులో 19 ఏళ్లు కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. 1891లో కన్నుమూసేనాటికి అతన్ని తలుచుకునే పాఠకులు కొద్దిమందే. 1920లలో గానీ ఆ నవల మళ్లీ పైకి తేలలేదు.

అది పైకి తేలుతున్న రోజుల్లోనే హాలీవుడ్ దాన్ని రెండుసార్లు వాడుకుంది. 1926లో ‘ద సీ బీస్ట్’ అని మూకీ, 1930లో టాకీ. రెండింటిలోనూ జాన్ బారీమోరే హీరో. అతనికొక ప్రేమకథ తగిలించారు. చివర్లో తిమింగలాన్ని చంపి, ఇంటికొచ్చి, ప్రేయసిని కలుసుకుంటాడు. నవల చదవని ప్రేక్షకులకు అందులో లోటేమీ కనిపించలేదు.

హ్యూస్టన్ మాత్రం ఈ నవలను చాలా ఏళ్లు మనసులో మోశాడు. ఏహాబ్‌గా తన తండ్రి వాల్టర్ హ్యూస్టన్‌ను పెట్టుకోవాలన్నది అతని కోరిక. 1950లో తండ్రి చనిపోయాడు. ఇంత ఖరీదైన సినిమాకు డబ్బు పుట్టాలంటే పెద్ద స్టార్ కావాలి. అలా పెక్ వచ్చాడు. నవలలో ఏహాబ్‌కు 58 ఏళ్లు, షూటింగు మొదలైనప్పుడు పెక్‌కు 38.

స్క్రీన్‌ప్లే కోసం హ్యూస్టన్ పిలిచినవాడు రే బ్రాడ్‌బరీ. కుర్రవాడు, సైన్స్ ఫిక్షన్ రచయిత. అప్పటికి ఈ నవలను పూర్తిగా చదవలేకపోయానని ముఖం మీదే చెప్పాడు. ఈ రాత్రికి చదివినంత చదివి రేపు చెప్పమన్నాడు హ్యూస్టన్. లైట్‌హౌస్ హారన్ విని, తన జాతి ప్రాణి పిలుస్తోందనుకుని సముద్రం అడుగునుంచి పైకొచ్చే ఆదిమ జంతువు గురించి బ్రాడ్‌బరీ రాసిన కథే హ్యూస్టన్‌ను అతని దగ్గరికి నడిపించింది. 1953 చివర్లో ఐర్లాండ్ వెళ్లిన బ్రాడ్‌బరీ 135 అధ్యాయాల నవలను రెండు గంటల్లోపు సినిమాకు కుదించే పనిలో నెలల తరబడి కుస్తీ పట్టాడు. అతను చేసిన మార్పుల్లో ఒకటి మనకు ప్రత్యేకంగా తట్టాలి. నవలలో ఏహాబ్ వెన్నంటి ఉండే ఫెడల్లా అనే పార్సీ ఒకడుంటాడు. చివరికి తాళ్లలో చిక్కుకుని తిమింగలం వీపుకు కట్టేసినట్టు కనిపించే శవం అతనిదే. బ్రాడ్‌బరీ ఆ పార్సీని పూర్తిగా తీసేసి, ఆ చావును ఏహాబ్‌కు ఇచ్చాడు. తిమింగలం కదిలినప్పుడల్లా చచ్చిన ఏహాబ్ చెయ్యి ఊగుతుంది, మిగిలినవాళ్లను రమ్మని పిలుస్తున్నట్టు. సినిమా నచ్చనివాళ్లు కూడా మరిచిపోలేని దృశ్యం అదే. నవలలో అది లేదని తెలిసి ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ. ఆ తరవాత స్క్రీన్‌ప్లే పేరు దగ్గర హ్యూస్టన్‌కూ బ్రాడ్‌బరీకీ గొడవై, చివరికి ఇద్దరి పేర్లూ తెర మీద పడ్డాయి.

కథ మొదలయ్యే న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణం అమెరికాలో ఉంది. 1954 నాటికి దాని రూపం మారిపోవడంతో ఐర్లాండ్‌లో కార్క్ కౌంటీలోని యాల్ అనే చిన్న రేవును ఎంచుకుని, ముందువైపు పాతకాలపు ఇళ్ల ముఖాలు నిలబెట్టారు. ఓడ కూడా పాతదే. 1887లో కట్టిన సరుకుల స్కూనర్‌ను, అంతకుముందు డిస్నీ ‘ట్రెజర్ ఐలండ్’లో నటించినదాన్ని, ఏహాబ్ ఓడ పీక్వాడ్‌గా మార్చారు. సముద్రం మాత్రం ఎవరి మాటా వినలేదు. వేల్స్ తీరంలో తుపానుల మధ్య షూటింగు నెలలకు నెలలు సాగింది. లాగే తాడు తెగి బొమ్మ తిమింగలం కొట్టుకుపోయింది. తరవాత యూనిట్ వెచ్చటి నీళ్ల కోసం కానరీ దీవులకు పోయింది. ఖర్చు 40 లక్షల డాలర్లు దాటింది.

ఇక రంగు సంగతి. హ్యూస్టన్ బొమ్మలు వేసేవాడు. 19వ శతాబ్దపు తిమింగలాల వేట చిత్రాలు అతని కళ్లలో ఉన్నాయి. రాగి, ఉక్కు పలకల మీద చెక్కి అచ్చువేసి, పైన పల్చగా రంగు పూసిన బొమ్మలవి. వాటిలో సముద్రం నీలంగా ఉండదు, సీసంలా ఉంటుంది. ఆ కాలపు టెక్నికలర్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. పెదవులు ఎర్రగా మండాలి, ఆకాశం మెరవాలి. కెమెరామన్ ఆస్వాల్డ్ మోరిస్ అంతకుముందే ‘ములా రూజ్’ (1952) కోసం హ్యూస్టన్‌తో కలిసి రంగును పొగమంచులో ముంచి చూసినవాడు. ఈసారి మార్చాల్సింది సెట్‌లో దీపాలను కాదు, ల్యాబ్‌లో ప్రింటు వేసే తీరును.

టెక్నికలర్ ప్రింటును ఎలా వేసేవారో మచిలీపట్నం అచ్చు కలంకారీ చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. గుడ్డ మీద ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు అద్దినట్టే, ఖాళీ ఫిల్ము మీద మూడు మాట్రిక్స్‌లు వరసగా పసుపు, మెజెంటా, సయాన్ రంగుల్ని అద్దేవి. మోరిస్, లండన్ టెక్నికలర్ ల్యాబ్ నిపుణులు కలిసి ఆ మూడు రంగుల పాలు తగ్గించారు. అవి పడబోయే ఫిల్ము మీద ముందుగానే అదే దృశ్యాన్ని నలుపు తెలుపుల్లో, వెండి బొమ్మగా ముద్రించారు. ఇందులో పాత కిటుకు ఒకటుంది. తొలినాళ్ల టెక్నికలర్‌లో రంగుల అంచులు తీరుగా కనబడడానికి పల్చటి బూడిద బొమ్మను అడుగున వేసేవారు. తరవాత అవసరం తీరిపోయి మానేశారు. లోపం కప్పడానికి పుట్టిన ఆ పొరను మోరిస్ బృందం ఒక సినిమా మొత్తానికి ప్రాణంగా మార్చింది. ఫలితంగా చర్మం రంగు మిగిలింది, నీళ్లు సీసపు రంగుకు దిగాయి, నలుపు గట్టిపడింది, తిమింగలం ఎముకలా వెలిసిన తెలుపుకు వచ్చింది.

1956లో థియేటర్లకు వెళ్లినవాళ్లు చూసింది ఈ ప్రింట్లనే. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ సినిమాను ఆకాశానికెత్తాడు. న్యూయార్క్ విమర్శకుల సంఘం హ్యూస్టన్‌ను ఆ ఏటి ఉత్తమ దర్శకుడిగా ఎన్నుకుంది. ఆస్కార్ నామినేషన్ ఒక్కటీ రాలేదు.

తరవాతే అసలు నష్టం. ఆ బూడిద పొర ఉన్నది థియేటర్ ప్రింట్లలో. నెగెటివ్‌లో ఉన్నవి మామూలు రంగులు. టీవీకి, వీడియోకు, డీవీడీకి వెళ్లినవి ఆ మామూలు రంగులే. నీలి సముద్రం, గులాబీ ముఖాలు, శుభ్రంగా కనిపించే రబ్బరు. బూడిద పొర తీసేస్తే బొమ్మ తిమింగలానికి దాక్కోవడానికి చోటెక్కడుంది? పెక్ గడ్డం అతికించినట్టే కనిపిస్తుంది, అతని వయసు బయటపడుతుంది. 2016లో వచ్చిన బ్లూ-రే ఆ వెలిసిన రంగును కంప్యూటర్ సాయంతో తిరిగి తేవడానికి ప్రయత్నించింది. దాన్ని చూశాక పెక్ గురించి నా అభిప్రాయం మారింది. ఆ సీసపు వెలుగులో అతని బిగువు లోటుగా అనిపించలేదు. అరవకుండా, నింపాదిగా, మర్యాదగా మాట్లాడే మనిషి వెంట ముప్ఫైమంది చావుకు నడవడం, కేకలు వేసే పిచ్చివాడి వెంట నడవడం కన్నా నాకు భయంకరంగా తోచింది. ఈ మాటను పెక్ ఒప్పుకునేవాడు కాదు. ఆ వేషం హ్యూస్టనే వేసి ఉండాల్సిందని అతను తరవాత అన్నాడు.

ల్యాబ్‌లో పుట్టిన ఆ ఆలోచన మాత్రం చచ్చిపోలేదు. ‘మోబీ డిక్’ ప్రింట్ల రంగును చూసి జపాన్‌లో కోన్ ఇచికావా, కెమెరామన్ కజువో మియాగవా 1960లో ‘ఒతోతో’ కోసం మరో దారి వెతికారు. విడిగా వెండి బొమ్మ వేయకుండా, కలర్ ఫిల్ము కడిగేటప్పుడు పోవాల్సిన వెండిని పోనివ్వకుండా అందులోనే ఉంచేశారు. బ్లీచ్ బైపాస్ అంటారు దాన్ని. ‘సెవెన్’ (1995) ప్రింట్లలోని ఆ చిక్కటి చీకటి ఈ కుటుంబానిదే.

ఇవాళ్టి ప్రేక్షకులకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది, అది నాకూ ఉంది. సినిమాలో పడవల మీదినుంచి ఈటెలు విసిరే దృశ్యాల్లో కొన్ని మదీరా దీవుల్లో అప్పటికీ సాగుతున్న నిజమైన వేటను చిత్రీకరించినవి. అక్కడి నెత్తురు రంగునీళ్లు కాదు. మదీరాలో ఆ వేట 1981లో ఆగింది. రబ్బరు బొమ్మను చూసి నవ్విన ప్రేక్షకుడే ఈ దృశ్యాల దగ్గర కళ్లు తిప్పుకుంటాడు. నేనైతే ఈసారి తిప్పుకోకుండా చూశాను, ఏహాబ్ పగ కన్నా ఆ పడవలోవాళ్ల మామూలుతనమే ఎక్కువ బాధించింది.

ప్రేక్షకుల కన్ను ఎంత పని చేయగలదో న్యూ బెడ్‌ఫర్డ్‌లో చూడొచ్చు. సినిమాలో ఆర్సన్ వెల్స్ ఒకే ఒక్క దృశ్యంలో ఫాదర్ మాపుల్‌గా కనిపిస్తాడు. తాడు నిచ్చెన ఎక్కి, ఓడ ముందుభాగంలా ఉన్న వేదిక మీదినుంచి ప్రసంగిస్తాడు. ఆ వేదిక మెల్విల్ ఊహ. అతను వెళ్లిన సీమెన్స్ బెథెల్ అనే నావికుల ప్రార్థనాలయంలో అలాంటిదేమీ లేదు. సినిమా చూసినవాళ్లు మాత్రం అక్కడికి వెళ్లి, ఆ ఓడ వేదిక ఏదని అడగడం మొదలుపెట్టారు. 1961లో ఆ ప్రార్థనాలయంలో ఓడ ముక్కులాంటి వేదికను కట్టించారు.