తెరకు ఇటు, తెరకు అటు

మన పూర్వ విద్యార్థుల సంఘం పుట్టిన 1975లోనే దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో, నాసా కలిసి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపాయి. 'సైట్' అని దాని పేరు. దూరం నుంచి తెర మీద చదువు చెప్పడానికి మన దేశంలో పడిన తొలి పెద్ద అడుగుల్లో అదొకటి.

మేం చదివేనాటికి మన బడికి ఏ తెరా రాలేదు. డ్రాయింగ్ సారు ఉండేవారు. కుండ బొమ్మ వంకర పోతే వెనక నిలబడి, మన చెయ్యి పట్టుకుని గీయించేవారు. ఆ చలవతోనే అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజినీరింగ్ డ్రాయింగ్ నన్ను భయపెట్టలేదు. సారు రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటేనే చిత్రకళకు పార్ట్‌టైం బోధకుడు.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ ఏటి జాతీయ కళా ఉత్సవ్ పోటీలు కూడా ఆన్‌లైన్లోనే జరిగాయి. నేనూ ఉత్సాహపడి, ఆదివారాలు మన పిల్లలకు ఫోన్లో బొమ్మలు నేర్పాను. ఒక మేలు జరిగింది. లేపాక్షి గుడి పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలను మేం విహారయాత్రలో మెడలు నొప్పి పుట్టేలా చూశాం. ఈ పిల్లలు అందులోని చీర అంచును తెర మీద పెద్దది చేసి, పువ్వు పువ్వూ లెక్కపెట్టారు. గీయడం దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ చూసి తప్పు చెప్పగలిగానే గాని, పెన్సిల్ ఎలా పట్టుకున్నారో నాకు కనబడలేదు. కొందరి ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో శెనక్కాయ చేనికి పోయేది.

నా పొరపాటు తర్వాత ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తెలిసింది. తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్దుతారు. వెనక దీపం పెడితే నగలు మెరుస్తాయి. వెలుగుతున్న తెర మన సీమకు కొత్తదేమీ కాదు! ఊరంతా తెరకు ఇటు కూర్చుని రామాయణం నేర్చుకుంది. కానీ ఆ బొమ్మ చేయడం నేర్చుకున్న పిల్లలు మాత్రం తెరకు అటు, అయ్య పక్కన కూర్చున్నవాళ్లే. నేను మన పిల్లలందరినీ ఇటువైపే కూర్చోబెట్టాను.

స్వర్ణోత్సవ నిధితో బడిలో డిజిటల్ గది కట్టాలని చాలామంది మిత్రులు అంటున్నారు. కట్టుదాం, నా వాటా నేనూ ఇస్తాను. అయితే ఆ డబ్బులో కొంత తీసిపెట్టి, నెలకు రెండుసార్లు ఒక చిత్రకారుణ్ణో, నిమ్మలకుంట కళాకారుణ్ణో గౌరవ వేతనంతో బడికి పిలిపిద్దాం. చూపించే పని తెర చేస్తుంది. పిల్లవాడి వెనక నిలబడి చెయ్యి పట్టుకోవడానికి మాత్రం ఒక మనిషి కావాలి. మనకు ఆ భాగ్యం దక్కింది, వాళ్లకూ దక్కనిద్దాం.