అత్యున్నత న్యాయస్థానం అంటే ఏది?

ఎమ్మిగనూరులో నా పాత సహోద్యోగి ఒకరు సర్వీసు లెక్కింపు కేసు హైకోర్టులో ఓడిపోయారు. ఒక పత్రికలో "రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు" అని చదివి, "అత్యున్నతమే కాదన్నాక ఇంకెక్కడికి పోతామప్పా" అని ఊరుకున్నారు. నాకు చెప్పేనాటికి నాలుగు నెలలు దాటింది.

హైకోర్టుకు ఉన్నత న్యాయస్థానం, సుప్రీంకోర్టుకు సర్వోన్నత లేక అత్యున్నత న్యాయస్థానం అని వాడుక. హైకోర్టు రాష్ట్రంలో పెద్దది కనుక కొందరు దానికీ "అత్యున్నత" తగిలిస్తారు. చిక్కంతా అక్కడే. "అపెక్స్ కోర్టు" అనే మాట వకీళ్ల నోట, పత్రికల్లో వినబడేదే. రాజ్యాంగం 124వ అధికరణం సుప్రీంకోర్టు అనే అంటుంది.

ఈ తికమక కొత్తది కాదు. 1801లోనే మద్రాసులో "సుప్రీంకోర్టు" ఉండేది. అది ముఖ్యంగా పట్నానికి. మన ఆదోని వంటి మొఫసిల్ ప్రాంతాల అప్పీళ్లకు పై కోర్టు సదర్ అదాలత్. సదర్ అంటే ప్రధానమని అర్థం. 1862లో రెండూ కలిసి మద్రాసు హైకోర్టయ్యాయి. అంటే పేరులో సుప్రీం పోయి హై మిగిలింది! దానిపైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్. ఆ అప్పీళ్లు 1949లో రద్దయ్యాయి. 1950 జనవరి 28న ఢిల్లీలో ఇప్పటి సుప్రీంకోర్టు ప్రారంభమైంది.

అప్పటికి మనది బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. మన హైకోర్టు 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 జనవరి 1న అమరావతి చేరింది. శ్రీబాగ్ ఒడంబడిక (1937) ప్రకారం రాజధాని, హైకోర్టు రెంటిలో సీమ కోరుకున్నది సీమకు దక్కాలి. కర్నూలుకు మూడేళ్లు రాజధాని దక్కింది, హైకోర్టు రాలేదు. ఆ బాధ వేరే వ్యాసం.

పెన్షనర్లకు తేడా ఎందుకంటే, 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రం దేశంలోని అన్ని కోర్టులకూ శిరోధార్యం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షన్ దయాభిక్ష కాదని, రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను విడదీయరాదని చెప్పింది ఆ కోర్టే. ఆ రోజే మన పెన్షనర్ల దినం.

హైకోర్టు తీర్పుపై 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతి కోరడానికి గడువు 90 రోజులు. అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం కోర్టు ఇష్టం. గడువు దాటితే సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. మా మిత్రుడి కాగితాలన్నీ తేదీల వరుసన కట్టి వకీలుకు పంపాం. కారణం గడిలో ఏమి రాయాలని ఆయన అడిగితే, ఆ పత్రిక కత్తిరింపు కూడా జతచేయమన్నాను.