లుతేసియా గోడ మీది ఫలకం

యూరప్ నగరాలలో నాలుగు రోజుల విహారానికి బయలుదేరేవారు హోటలును ఎంచుకొనే పద్ధతి అందరికీ తెలిసినదే. నక్షత్రాలు లెక్కిస్తారు, గది వైశాల్యం చూస్తారు, మెట్రో స్టేషను ఎంత దూరమో, ఉదయపు ఫలహారం అద్దెలో కలిసి ఉన్నదో లేదో విచారిస్తారు. ఫ్రాన్స్‌లో ఐదు నక్షత్రాలకు పైన కూడా ఒక మెట్టు ఉన్నది. దానిని ‘పాలస్’ అంటారు. ఆ గౌరవాన్ని 2010లో ఏర్పరచారు. పారిస్‌లో సేన్ నదికి ఎడమ ఒడ్డున ఉన్న లుతేసియా హోటలుకు అది 2019లో దక్కింది. అయితే ఒక భవనం గతంలో ఎవరెవరికి ఆతిథ్యమిచ్చిందన్న సంగతి ఈ కొలమానాలలో వేటికీ అందదు. లుతేసియా విషయంలో ఆ సంగతిని బుల్వార్ రస్పాయ్ వైపు గోడ మీది ఒక ఫలకం చెబుతుంది.

ఈ హోటలు పుట్టుకకు మూలం వాణిజ్యం. వీధికి ఆవల ఉన్న బాన్ మార్షే పారిస్‌లోని తొలి మహా విక్రయశాలలలో ఒకటి. ఎమిల్ జోలా 1883లో ప్రచురించిన నవలకు ప్రేరణ అదే. దూరప్రాంతాల నుండి సరుకులు కొనడానికి వచ్చే సంపన్నులకు దగ్గరలోనే మంచి బస ఉండాలని ఆ దుకాణపు యాజమాన్యం తలపెట్టింది. 1910లో హోటలు తలుపులు తెరుచుకున్నాయి. పారిస్‌కు రోమన్లు పెట్టిన ప్రాచీన నామమే దానికి పేరయింది.

పాతికేళ్ల తరువాత అక్కడికి మరో రకం అతిథులు వచ్చారు. హిట్లర్ పాలన నుండి తప్పించుకొని వచ్చిన జర్మన్ రచయితలు, రాజకీయ నాయకులు 1935 నుండి ఆ హోటలులో సమావేశమయ్యారు. నాజీలకు వ్యతిరేకంగా భిన్న పక్షాలను ఒక్కటి చేయాలన్నది వారి సంకల్పం. నవలాకారుడు హైన్రిక్ మాన్ వారికి పెద్ద దిక్కు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1940 జూన్‌లో పారిస్ జర్మన్ల వశమైంది. జర్మన్ సైనిక గూఢచార సంస్థ ఆబ్‌వేర్ వచ్చి అదే హోటలులో తిష్ఠ వేసింది. నాలుగేళ్ల పాటు అవే భోజనశాలలు, అవే పడకగదులు ఆక్రమణదారులకు సేవ చేశాయి.

1944 ఆగస్టులో నగరానికి విముక్తి లభించింది. మరుసటి వసంతంలో నిర్బంధ శిబిరాల నుండి బతికి బయటపడినవారు తిరిగి రాసాగారు. వారి స్థితి చూసిన అధికారులకు, యుద్ధఖైదీల కోసం చేసిన ఏర్పాట్లు వీరికి సరిపోవని అర్థమైంది. వందలాది పడకలు, పెద్ద వంటశాల, వేడినీరు, నగరం నడిమధ్య చోటు కావలసి వచ్చాయి. విలాసం కోసం సమకూర్చినవన్నీ ఆసుపత్రికి అవసరమైనవే. పారిస్‌లోని అతి పురాతనమైన ఆసుపత్రి పేరు ‘ఓతెల్ ద్యూ’. హోటలు, హాస్పిటల్ అనే రెండు మాటలకూ మూలం అతిథికి సంబంధించిన ఒకే లాటిన్ ధాతువు.

1945 ఏప్రిల్ 26 నుండి లుతేసియా స్వాగత కేంద్రమైంది. బస్సు దిగినవారి మీద పేలు చావడానికి డీడీటీ పొడి చల్లారు, ఎందుకంటే టైఫస్ భయం ఉన్నది. వైద్యులు పరీక్షించారు. శత్రువుకు సహకరించినవారు బాధితుల వేషంలో చొరబడకుండా ప్రశ్నలు అడిగారు. గుర్తింపు కార్డు, బట్టలు, కొంత సొమ్ము ఇచ్చారు. చిరకాలం పస్తులున్న దేహానికి ఒక్కసారిగా కడుపు నిండా తిండి పెట్టడం ప్రాణాంతకం కాగలదు గనుక అక్కడ భోజనం వడ్డించడం కూడా చికిత్సలో భాగమే. మెత్తని పరుపుల మీద నిద్ర పట్టక నేల మీద పడుకున్నవారు ఉన్నారని తిరిగివచ్చినవారి జ్ఞాపకాలు చెబుతున్నాయి. వేసవి ముగిసేలోగా సుమారు 18 నుండి 20 వేల మంది ఆ గుమ్మం దాటారని అంచనా.

ఆ గుమ్మం దగ్గర వేచి ఉన్నవారి కథ వేరు. ఎన్నికల ప్రకటనలకు వాడే పలకల మీద తప్పిపోయినవారి ఛాయాచిత్రాలు, పేర్లు అంటించారు. వచ్చిన ప్రతివారికీ ఫోటో చూపి, ఈ మనిషిని ఎక్కడైనా చూశారా అని అడిగారు. ఫ్రాన్స్ నుండి తరలింపబడిన యూదులు దాదాపు 76,000 మంది. తిరిగివచ్చినవారు రెండున్నర వేల పైచిలుకు మాత్రమే. గుమ్మం దగ్గర నిలబడినవారికి ఆ లెక్క ఇంకా తెలియదు.

కేంద్ర నిర్వహణ బాధ్యతలు వహించినవారిలో సబీన్ జ్లాటిన్ అనే నర్సు ఒకరు. ఆమె, భర్త మిరోన్ కలిసి ఇజియూ గ్రామంలో యూదు బాలలకు ఆశ్రయమిచ్చారు. 1944 ఏప్రిల్ 6న, ఆమె ఊరిలో లేని సమయంలో, క్లౌస్ బార్బీ ఆజ్ఞపై 44 మంది పిల్లలను, ఏడుగురు పెద్దలను పట్టుకుపోయారు. పిల్లలలో ఒక్కరూ తిరిగి రాలేదు. మిరోన్ కూడా రాలేదు. పెద్దలలో ఒక్కరే బతికారు. పరుల బిడ్డలకు పడకలు సిద్ధం చేసిన ఆ మాతృమూర్తి, 1987లో బార్బీ విచారణలో సాక్ష్యం చెప్పి, ఇజియూ ఇల్లు స్మారక మందిరం కావడానికి పాటుపడ్డారు.

ఫ్రెంచి రచయిత పియేర్ అసూలీన్ 2005లో ‘లుతేసియా’ నవలలో ఈ చరిత్రను హోటలు కాపలా డిటెక్టివ్ కంటితో చూపించాడు. కథకుడుగా అతని ఎంపిక సమంజసమైనది. అతిథులు మారినా కొలువు మారని ఉద్యోగి ఎంతవరకు చూస్తాడు, ఎప్పుడు కళ్లు మూసుకుంటాడు అన్నదే అసలు ప్రశ్న. గోడలకు ఆ చిక్కు లేదు. అవి వచ్చినవారందరికీ నీడనిచ్చాయి, హంతకుల సేవకులకూ హతశేషులకూ కూడా.

2014లో మూసిన హోటలును నాలుగేళ్లు బాగుచేసి 2018లో తెరిచారు. ఆ పనిలో బారు గదిలో రంగుల పొరల కింద మరుగుపడిన పాత కుడ్యచిత్రాలు బయటపడ్డాయి. వాటిని ఓర్పుతో శుభ్రపరిచారు. చూడముచ్చటైన గతాన్ని వెలికితీయడానికి డబ్బు, నిపుణులు దొరుకుతారు. మిగిలిన గతానికి దిక్కు బయటి గోడ మీది ఆ ఫలకమే. 1945 ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు శిబిరాల నుండి ప్రాణాలతో వచ్చినవారిని ఇక్కడే చేర్చుకున్నారని, తమవారి కోసం ఇక్కడ వృథాగా ఎదురుచూసిన కుటుంబాల దుఃఖాన్ని ఆ సంతోషం తుడిచివేయలేదని దాని సారాంశం. అది చదవడానికి గది అద్దెకు తీసుకోనక్కరలేదు. కాలిబాట మీద ఒక నిమిషం నిలబడితే చాలు.