స్తనం

స్తనం (రొమ్ము) ఛాతీ మీద, రెండో పక్కటెముక నుంచి ఆరో పక్కటెముక వరకు, పెద్ద ఛాతీ కండరానికి ముందు ఉండే అవయవం. ఇందులోని క్షీరగ్రంథి స్వేదగ్రంథికి మారురూపం. పురుషుల్లోనూ ఉంటుంది కానీ ఎదగదు.

నిర్మాణం: ఒక్కో స్తనంలో 15–20 తమ్మెలు ఉంటాయి. వాటిలోని సూక్ష్మ తిత్తుల్లో పాలు తయారై, నాళాల ద్వారా చనుమొనకు చేరతాయి. తమ్మెల మధ్య నిండిన కొవ్వే స్తన పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. పాల ఉత్పత్తికీ పరిమాణానికీ సంబంధం లేదు. పైభాగం చంక వైపు తోకలా సాగి ఉంటుంది. శోషరసం అధికంగా చంకలోని గ్రంథులకే చేరుతుంది. అందుకే రొమ్ము క్యాన్సర్ అనుమానిస్తే వైద్యులు చంకనూ తడిమి చూస్తారు.

పనితీరు: యుక్తవయసులో ఈస్ట్రోజెన్ నాళాలను, గర్భధారణలో ప్రొజెస్టెరాన్ తిత్తులను పెంచుతాయి. కాన్పులో మాయ పడిపోగానే ప్రొజెస్టెరాన్ తగ్గి, ప్రొలాక్టిన్ ప్రభావంతో పాలు సమృద్ధిగా ఊరతాయి. బిడ్డ చీకినప్పుడు ఆక్సిటోసిన్ విడుదలై, తిత్తుల చుట్టూ ఉన్న కణాలు ముడుచుకుని పాలు బయటికి వస్తాయి. ఇదే చేపు; బిడ్డ ఏడుపు వినిపించినా రావచ్చు. తొలి రోజుల్లో వచ్చే పసుపుపచ్చని, చిక్కని ముర్రుపాలలో రోగనిరోధక ప్రతిరక్షకాలు మెండు. పాలు తాగేకొద్దీ ఊరతాయి. తాగడం మానేస్తే ఇంకిపోతాయి.